లిఫ్టులో చెప్పలేకపోయినవి

ఐదో అంతస్తుకీ కిందికీ మధ్య
అడిగారు మీరు, విశాలాక్షి గారూ,
"మా చిన్నదాన్నీ చేర్పిద్దామా ఆ లక్రాస్‌లో?"
తలుపులు తెరుచుకున్నాయి.
మీరు బస్సుకి పరిగెత్తారు,
నేను బూట్ల సంచితో కారు దగ్గరికి.
జవాబు ఆ అద్దంలోనే ఉండిపోయింది.

ముందు కర్ర సంగతి.
మా అత్తగారు సంగారెడ్డి నుంచి వీడియోలో చూసి
"జల్లిగరిటెతో ఆటేందే?" అన్నారు.
తప్పేం లేదు, అలాగే ఉంటుంది.
బంతి మాత్రం బూందీ కాదు, గట్టి రబ్బరు గుండు.
కొత్త కర్రకి వల బిర్రుగా ఉండి
బంతిని నిలవనివ్వదు.
రాత్రిళ్ళు అందులో బంతి పెట్టి కట్టి ఉంచాలి,
కొత్త చెప్పు కాలికి లొంగినట్టు
వల లొంగేదాకా.
దుకాణంవాడు ఇది చెప్పడు.

ఫీజు మూడు విడతలు.
కాగితం మీద లేని నాలుగోది ఒకటుంటుంది:
షార్జా నుంచి దుబాయికి
వారానికి రెండు సాయంత్రాలు,
ఇత్తిహాద్ రోడ్డు మీద ఎర్రదీపాల బారు,
సాలిక్ గేట్లు,
వెనక సీట్లో పెరుగన్నం డబ్బా,
ఒళ్ళో లెక్కల పుస్తకం,
పుస్తకం మీద పెరుగు.

మౌత్‌గార్డ్‌ని వేడినీళ్ళలో వేసి
మెత్తబడ్డాక పళ్ళతో కొరికించాలి.
టీ గిన్నెలో మాత్రం వెయ్యకండి.
మా ఇంటి టీ వారం రోజులు
సైకిలు ట్యూబు వాసన కొట్టింది.

అక్టోబరులో మొదలు.
రాత్రి ఏడైనా గాలి
పిండని తువ్వాలులా మొహానికి తగులుతుంది.
నీళ్ళ సీసాలు రెండు,
ఒకటి ముందురోజే గడ్డకట్టించాలి.

దెబ్బలంటారా, తగులుతాయి.
పూటకి నలభైమంది రక్తం తీసే చెయ్యి నాది.
మంజీర మోచేతి మీద నీలం మచ్చ చూసి
ఆ చెయ్యే వణికింది.
అదేమో ఫొటో తీసి
తరగతంతా చూపించుకుంది.

ఇక అసలు సంగతి.
మొదటి ఏడు బెంచీ మీదే ఎక్కువ.
అబుదాబీ దాకా వెళ్ళాం ఒక శనివారం,
తెల్లారకముందే లేచి, ఇడ్లీలు కట్టుకుని.
ఆడింది ఆరు నిమిషాలు.
నేను వాచీ చూసి లెక్కపెట్టాను.
కోచ్ హనాన్‌ని అడగబోయి ఆగాను,
ఆగిన మాట గొంతులోంచి
ఇంకో దారిన బయటపడింది:
"అటు కాదే! కొట్టవే! కొట్టూ!"
మైదానం మొత్తానికి ఒక్క తెలుగు గొంతు.
పిల్ల తల తిప్పి నావైపు చూసింది.
బంతి దాని పక్కనుంచి దొర్లిపోయింది.

తిరుగు దారిలో వంద కిలోమీటర్లు మౌనం.
షార్జా దీపాలు కనపడ్డాక ఒక్క మాట:
"నువ్వు అరిస్తే నాకు బంతి వినపడదమ్మా."

బంతికి చప్పుడుంటుందా?
అడగడానికి సిగ్గేసింది.

తర్వాతి పోటీకి
దానికి మౌత్‌గార్డ్, నాకు లవంగం.
అరుపు వచ్చినప్పుడల్లా కొరికాను.
సగం ఆటకి నాలుక మొద్దుబారింది.
మంజీర ఆడింది తొమ్మిది నిమిషాలు,
లేక పదకొండా?
వాచీ ఇంట్లో వదిలేశాను.

ఇప్పుడు రోజూ సాయంత్రం
మన పార్కింగు వెనక గోడకి బంతి కొడుతుంది.
ఎనిమిది దాటితే వాచ్‌మన్ గుల్ జమీన్
ఈల వేస్తాడు, అదొక్కటే షరతు.
నేను మెట్టు మీద కూచుని
చిక్కుడుకాయలు వలుస్తూ వింటాను.
గోడకి తగిలితే ఒకలా,
వలలో పడితే ఇంకోలా,
అంచుకి తగిలి జారితే
ఎవరో నాలుక చప్పరించినట్టు.
తలెత్తకుండా చెప్పగలను,
పడిందో జారిందో.

ఆ ధప్‌ధప్పు మీ వంటింట్లోకి వస్తుంటే
క్షమించండి.

మా దగ్గర పాత కర్ర ఒకటుంది,
పిడి మీద టేపు ఊడింది, వల బాగా లొంగింది.
గురువారం పిల్లని తీసుకుని కిందికి రండి.
కొనకముందు దాని చేతికిచ్చి చూద్దాం.
మీరు నా పక్కన మెట్టు మీద కూచోండి.
లవంగాలు ఉన్నాయి నా దగ్గర.